చేప ఏ నీళ్ళది?



మన ఆదోనికి గాని, ఎమ్మిగనూరుకు గాని సముద్రం దగ్గర కాదు. మన వైపు పెద్దవాళ్ళకు చేపల కూర అంటే ఏమిటి? వానలు బాగా కురిసిన ఏడు చెరువుల్లో దొరికే పరిగెలూ జెల్లలూ. లేదా మంత్రాలయం, కౌతాళం వైపు తుంగభద్రలో బెస్తలు పట్టి తెచ్చే వాలుగా, కొరమీనూ. దొరికిన నాడు పండగ, దొరకని నాడు గోంగూర పప్పు. 1953లో హొసపేట దగ్గర తుంగభద్ర ఆనకట్ట పనిలోకి వచ్చింది. దిగువ కాలువ మన పొలాలకు నీళ్ళు తెచ్చింది. తరవాత హంద్రీ మీద గాజులదిన్నె జలాశయం వచ్చింది. నీళ్ళతో పాటు చేప కూడా వచ్చింది. ఆ పైన మంచుగడ్డలూ లారీలూ వచ్చాయి. కొల్లేరు వైపు చెరువుల్లో పెంచిన బొచ్చ, రాగండి మన బజారుకు చేరాయి. సముద్రపు వంజరం కూడా మన గడప తొక్కింది.

దాని వెనకాలే ఒక భయం కూడా వచ్చింది. చేపల్లో పాదరసం వుంటుందట గదా, కడుపుతో వున్న కోడలికి పెట్టవచ్చా అని ఇంటింటా అడుగుతున్నారు. ఒకరు అసలు ముట్టనే వద్దంటారు. ఇంకొకరు అవన్నీ వట్టి మాటలు, మా అమ్మమ్మ తినలేదా అంటారు. రెండు మాటలూ సరైనవి కావు. ఎందుకు కావో తెలియాలంటే, ఈ పాదరసం సంగతి లోకానికి మొదట ఎట్లా తెలిసిందో తెలుసుకోవాలి. ఆ చరిత్రలో పెద్ద పెద్ద డాక్టర్లున్నారు, కోర్టులున్నాయి, ప్రభుత్వాలున్నాయి. కానీ అందులోని అసలు మాట చెప్పింది మాత్రం ఒక తల్లి.

జపాను దేశంలో దక్షిణాన మినమాత అని ఒక చిన్న సముద్రతీరపు ఊరు. అక్కడ చిస్సో అనే కంపెనీ వారి రసాయనాల ఫ్యాక్టరీ వుండేది. ప్లాస్టిక్ తయారీకి ఉపయోగపడే ఎసిటాల్డిహైడ్ అనే రసాయనాన్ని 1932 నుంచి అక్కడ తయారు చేశారు. ఆ పనిలో పాదరసం వాడేవారు. మిగిలిన మురుగునంతా సముద్రపు అఖాతంలోకి వదిలేవారు. ఆ అఖాతంలోనే బెస్తవారు చేపలు పట్టేవారు. వాళ్ళ ఇళ్ళలో మూడు పూటలా చేపే.

1950 తరవాత అక్కడి వాళ్ళు వింతలు చూశారు. వంటింటి చుట్టూ తిరిగే పిల్లులు పిచ్చెత్తినట్టు గిరగిరా తిరిగి, గెంతి, పోయి సముద్రంలో పడి చచ్చేవి. కాకులు ఎగురుతూ ఎగురుతూ కిందపడేవి. పిల్లి తినేదేమిటి? మనం వంటింట్లో పారేసిన చేప తలా తోకా. పిల్లికి వచ్చింది మనిషికి రావటానికి ఎంతో కాలం పట్టలేదు. 1956 ఏప్రిల్ లో ఐదేళ్ళ పిల్లను ఆ ఫ్యాక్టరీ ఆసుపత్రికే తీసుకొచ్చారు. నడక తడబడుతోంది, మాట రావటం లేదు, చేత్తో అన్నం తినలేకపోతోంది. కొద్ది రోజులకే ఆ పిల్ల చెల్లెలికీ అదే జబ్బు. ఆసుపత్రి పెద్ద డాక్టరు హొసొకావా హజిమె మే 1వ తేదీన ఏదో తెలియని జబ్బు వచ్చిందని ఆరోగ్య శాఖకు తెలియజేశాడు. జబ్బు బయటపడిన రోజుగా ఇప్పటికీ ఆ తేదీనే చెప్పుకుంటారు.

మొదట అంటురోగమన్నారు. రోగులున్న ఇళ్ళకు ఇరుగుపొరుగు రావటం మానేశారు. అంగట్లో వాళ్ళ డబ్బు చేత్తో ముట్టుకోవటానికి జంకారు. 1959లో కుమామొతో విశ్వవిద్యాలయం డాక్టర్లు ఇది చేపల ద్వారా వచ్చిన పాదరసం విషమని చెప్పారు. అదే సంవత్సరం డాక్టర్ హొసొకావా ఫ్యాక్టరీ మురుగును తిండిలో కలిపి ఒక పిల్లికి పెట్టి చూశాడు. దానికీ అవే మూర్ఛలు వచ్చాయి. కంపెనీ ఆ సంగతి బయటికి పొక్కనివ్వలేదు. పైగా ఆ ఏడాది ఆఖర్న రోగుల కుటుంబాలకు సానుభూతి సొమ్మని కాస్త ముట్టజెప్పి, ఇక ముందు తప్పు మాదేనని తేలినా మళ్ళీ ఏమీ అడగమని కాగితం రాయించుకుంది. మురుగు వదలటం మాత్రం ఆపలేదు. 1968లో ఆ తయారీ ఆపేదాకా విషం పోతూనే వుంది.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న తల్లి సంగతి. అక్కడ కొన్ని ఇళ్ళలో పుట్టిన పిల్లలు మెడ నిలపలేక, మాట రాక, చేతులు కాళ్ళు వంకర్లు పోయి వుండేవారు. వాళ్ళు చేప తిని ఎరుగరు. కాబట్టి ఇది వేరే జబ్బు, పుట్టుకతో వచ్చిన వాతం అన్నారు డాక్టర్లు. తల్లి కడుపులోని మాయ బిడ్డను ఏ విషం నుంచైనా కాపాడుతుందని ఆనాటి వైద్యశాస్త్రం నమ్మకం. 1961లో హరాద మసజుమి అనే కుర్ర డాక్టరు ఒక ఇంటికి వెళ్ళాడు. ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరికీ ఒకే లక్షణాలు. పెద్దవాడిదేమో చేపల జబ్బన్నారు, చిన్నవాడిది కాదన్నారని తల్లి చెప్పింది. వీడు కడుపులో వున్నప్పుడు ఆ చేపలు తిన్నది నేనే గదా, నా కడుపులోనే వీడికి పట్టింది అని ఆవిడ అనుమానం. ఆవిడ పెద్ద చదువులు చదవలేదు. కానీ తన తిండి ఎటు పోయిందో తనకు తెలుసు. డాక్టరు ఆ మాటను కొట్టిపారేయకుండా ఇల్లిల్లూ తిరిగి లెక్క తీశాడు. 1962 నవంబరులో 16 మంది పిల్లలకు తల్లి గర్భంలోనే ఈ జబ్బు సోకిందని అధికారికంగా ఒప్పుకున్నారు.

రుజువు కూడా తల్లుల పెట్టెల్లోనే దొరికింది. మనలో కొందరు బిడ్డ బొడ్డుతాడు ఎండబెట్టి తాయెత్తులో పెట్టి మొలకు కడతారు గదా. జపాను తల్లులు దాన్ని చిన్న పెట్టెలో దాచుకుంటారు. హరాద ఆ బొడ్డుతాళ్ళు అడిగి తీసుకుని పరీక్ష చేయించాడు. ఫ్యాక్టరీలో ఉత్పత్తి పెరిగిన సంవత్సరాల్లో పుట్టిన పిల్లల బొడ్డుతాళ్ళలో పాదరసం కూడా పెరిగి వుంది! కంపెనీ లెక్కల పుస్తకం చెప్పనిది ఆ ఎండిన బొడ్డుతాడు చెప్పింది.

ఆ ఊళ్ళోనే ఇషిమురె మిచికొ అనే గృహిణి వుండేది. ఆవిడ రోగుల మంచాల పక్కన కూర్చుని, వాళ్ళ మాట విని, 1969లో పుస్తకం రాసింది. జపాను దేశమంతా ఆ పుస్తకం చదివింది. 1973లో ఆవిడకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. అదే 1973 మార్చిలో కోర్టు కంపెనీదే తప్పని తీర్పిచ్చింది. వెనక రాయించుకున్న కాగితం చెల్లదని కొట్టేసింది. 1974లో అఖాతం నీళ్ళకు అడ్డంగా వల కట్టారు. చేపలు తినవచ్చని చెప్పి ఆ వల తీసింది 1997లో. లెక్క వేసుకోండి, ఎన్నేళ్ళు పట్టిందో!

ఇంతకూ పాదరసం చేపలోకి ఎట్లా వెళుతుంది? నీళ్ళలో పడ్డ పాదరసం అడుగున బురదలోకి చేరుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ పాదరసం అనే రూపంలోకి మారుస్తాయి. ఈ రూపమే ప్రమాదం. నాచులోకి కాస్త వెళుతుంది. నాచు తిన్న పురుగులోకి ఇంకాస్త, పురుగులు తిన్న చిన్న చేపలోకి మరికాస్త. చిన్న చేపల్ని వందల కొద్దీ మింగి ఏళ్ళ తరబడి బతికిన పెద్ద చేపలో అదంతా పేరుకుపోతుంది. వడ్డీకి వడ్డీ కట్టినట్టన్నమాట. అందుకే ఒకే నీళ్ళలో వున్నా నాచు మేసే చేప వేరు, చేపల్ని వేటాడే చేప వేరు.

ఇక్కడ మనం బాగా గుర్తుంచుకోవలసింది ఒకటుంది. ఈ విషం చేప కండలోనే కలిసిపోయి వుంటుంది. ఉప్పూ పసుపూ వేసి ఎంత తోమినా పోదు. చింతపండు పులుసులో ఎంత మరిగించినా పోదు. ఇరాక్ దేశంలో జరిగింది వినండి. 1971 చివర్లో అక్కడి రైతులకు విత్తనానికని గోధుమలు, బార్లీ పంచారు. బూజు పట్టకుండా వాటికి మిథైల్ పాదరసం మందు పట్టించి, ఎర్రరంగు అద్దారు. కరువు రోజులు. ఆడవాళ్ళు ఆ గింజల్ని కడిగారు. ఎర్రరంగు పోయింది, విషమూ పోయిందనుకుని పిండి చేసి రొట్టెలు కాల్చారు. 6,530 మంది ఆసుపత్రుల్లో చేరారు, వారిలో 459 మంది చనిపోయారు. రంగు కడిగితే పోతుంది, పాదరసం పోదు. వాళ్ళు శుభ్రంగానే వండారు. తెలియవలసిన సంగతి వాళ్ళకు తెలియనివ్వకపోవటమే అక్కడ జరిగిన అన్యాయం.

ఇదంతా ఎక్కడో జపానులో, ఇరాక్ లో జరిగిందనుకోకండి. సబ్బుకూ, కాగితానికీ, మన నూలు బట్టలను శుభ్రం చేయటానికీ కావలసిన కాస్టిక్ సోడాను మన దేశంలోనూ చాలా కాలం పాదరసం వాడే పద్ధతిలోనే తయారు చేశారు. ఒడిశాలో మన తెలుగువాళ్ళు ఎక్కువగా వున్న బరంపురానికి దగ్గర్లో, ఋషికుల్య నది సముద్రంలో కలిసే గంజాం దగ్గర అటువంటి కర్మాగారమే వుండేది. ఆ తరవాతి దశాబ్దాల్లో మన దేశంలోని ఆ ఫ్యాక్టరీలు పాదరసం అక్కరలేని పద్ధతికి మారాయి. తమిళనాడు కొడైకెనాల్ లో జ్వరం చూసే థర్మామీటర్ల ఫ్యాక్టరీ వుండేది. పాదరసం అంటిన గాజుపెంకులు పాతసామాన్ల అంగట్లో బయటపడటంతో 2001లో అది మూతపడింది. 2013లో ప్రపంచ దేశాలెన్నో కలిసి పాదరసం అదుపుకు ఒక ఒప్పందం చేసుకున్నాయి. దానికి మినమాత పేరే పెట్టారు. భారతదేశం 2018లో ఆ ఒప్పందాన్ని ఆమోదించింది.

మరి మన తుంగభద్ర సంగతేమిటి? ఈ నదికీ ఒక చరిత్ర వుంది. పైన కర్ణాటకలో హరిహర దగ్గర, నది ఒడ్డునే, రేయాన్ గుజ్జు తయారుచేసే కర్మాగారాలు 1970 దశకంలో వచ్చాయి. వాటి మురుగు వల్ల చేపలు చస్తున్నాయనీ, నీళ్ళు తాగటానికి పనికిరావటం లేదనీ ఒడ్డు పల్లెలవారు 1980 దశకంలో ఆందోళన చేశారు. 1984లో ఏర్పడిన సమాజ పరివర్తన సముదాయ అనే సంస్థ వాళ్ళకు అండగా నిలిచింది. అది పాదరసం గొడవ కాదు. గుజ్జు మురుగు నీళ్ళలోని ప్రాణవాయువును లాగేస్తే చేపలు ఊపిరాడక తేలతాయి. ఈ తేడా మనకు తెలియాలి. చచ్చి తేలిన చేప మనకు హెచ్చరిక చేసి చస్తుంది. పాదరసం పేరుకున్న చేప మాత్రం కళ్ళు మెరుస్తూ, మొప్పలు ఎర్రగా, నిగనిగలాడుతూ గంపలో వుంటుంది. కంటికి తెలియదు, ముక్కుకు తెలియదు, నాలుకకూ తెలియదు. ప్రయోగశాలలో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

ఇంకొకటి. నేల బొగ్గులో సహజంగానే రవ్వంత పాదరసం వుంటుంది. బొగ్గు కాల్చినప్పుడు అది పొగలో కలిసి, వానతో చెరువుల్లోకి దిగుతుంది. మన ఆదోనికి ఒక వైపు బళ్ళారి దగ్గర కుడితినిలో, ఇంకోవైపు రాయచూరు దగ్గర శక్తినగర్ లో బొగ్గుతో కరెంటు తీసే కేంద్రాలున్నాయి. కరెంటు మనకూ కావాలి, కాదనను. అలాగని మన చెరువుల చేపలు విషమయ్యాయని కూడా నేననటం లేదు. చేప కండను ఏటేటా పరీక్ష చేయించండి, ఫలితం ఊళ్ళో అందరికీ కనబడేట్టు గోడ మీద అంటించండి అని అడగటానికి మాత్రం మనకు కారణం వుంది. మినమాతలో ఆ పరీక్ష ముందే చేసి, ఫలితం దాచకుండా చెప్పివుంటే ఎందరు బిడ్డలు దక్కేవారో!

సరే, అంతదాకా చేప మానేద్దామా? వద్దు. దీనికీ ఒక చరిత్ర వుంది. 2001లో అమెరికా ప్రభుత్వం గర్భిణీ స్త్రీలు సొర, కత్తిచేప, పెద్ద వంజరం జాతి చేపలు తినవద్దని చెప్పింది. మిగతా చేపలు తినవచ్చనే చెప్పింది. కానీ జనం చెవిన పడింది వద్దన్న మాటే. చాలామంది గర్భిణులు మంచి చేపను కూడా తగ్గించేశారు. చేపలో మాంసకృత్తులున్నాయి, బిడ్డ మెదడు ఎదుగుదలకు కావలసిన కొవ్వులున్నాయి. అవి పోయాయి. చివరకు ఆ ప్రభుత్వమే పాదరసం తక్కువుండే చేపల్ని వారానికి రెండు మూడు సార్లు తినండని చెప్పవలసి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి 2010లో పిలిచిన నిపుణులు కూడా చేప వల్ల మేలే ఎక్కువ, ఏ చేప అన్నది చూసుకోవాలి అన్నారు.

ఒక చిన్న వంటింటి లెక్క చెబుతాను, కాగితం మీద రాసుకోండి. మనిషి బరువు కిలోకు వారానికి 1.6 మైక్రోగ్రాములు దాటి మిథైల్ పాదరసం ఒంట్లోకి పోకూడదని అంతర్జాతీయ నిపుణులు 2003లో చెప్పారు. మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు. 50 కిలోల ఇల్లాలికి వారానికి 80 మైక్రోగ్రాములు. మామూలు చేపకు కిలోకు అర మిల్లీగ్రాము, వేటచేపలకు ఒక మిల్లీగ్రాము అని 1991లో అంతర్జాతీయ హద్దు పెట్టారు. కిలోకు ఒక మిల్లీగ్రామున్న వేటచేపయితే 80 గ్రాములకే, అంటే రెండు మూడు ముక్కలకే, ఆమె వారం బత్తెం అయిపోతుంది. అర మిల్లీగ్రామున్నదయితే 160 గ్రాములకు. అందులో పదోవంతే వున్న చేపయితే కిలోన్నర దాకా తినవచ్చు. చూశారా, భయపడవలసింది చేప అన్న మాటకు కాదు, ఏ చేప అన్నదానికి.

మరి మన బజారు సంగతి. బొచ్చ, రాగండి, ఎర్రమోసు నాచూ, నీటిలోని సన్నజీవులూ మేసి, ఏడాది రెండేళ్ళలో గంపకు వస్తాయి. వీటిలో పాదరసం పేరుకునే వ్యవధి తక్కువ. పరిగెలు, నెత్తళ్ళు, కవళ్ళు వంటి చిన్నవీ అంతే. వాలుగ వేటచేప, ఏటిలో మనిషంత పెరుగుతుంది. చిన్నది తీసుకోండి, పెద్దది మానండి. సొర, కొమ్ముకోనాం, పెద్ద వంజరం కడుపుతో వున్నవాళ్ళకూ, పాలిచ్చే తల్లులకూ, పసిపిల్లలకూ పెట్టకండి. ఆఫ్రికా క్యాట్ ఫిష్ పెంపకాన్ని కేంద్ర ప్రభుత్వం 2000లోనే నిషేధించింది. కబేళా వ్యర్థాలు వేసి దొంగచాటుగా పెంచుతారు కాబట్టి చవకని మోసపోకండి. ఒకే చోటి చేప, ఒకే రకం చేప ఏడాది పొడుగునా తినకుండా మార్చుకుంటూ వుండండి.

దూరం నుంచి వచ్చే చేపకు ఇంకో చిక్కు వుంది. చెడిపోకుండా ఫార్మాలిన్ అనే మందు కలుపుతారన్న ఆరోపణ. 2018లో అస్సాం ప్రభుత్వం, 2019 జనవరిలో బీహారు ప్రభుత్వం పాట్నాలో ఆంధ్ర చేపను కొద్ది రోజులు ఆపింది కూడా ఈ కారణంతోనే. మన రాష్ట్రం చేపకు ఆ మాట రావటం మనకే తలవంపు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ 2018లోనే చిన్న కాగితపు పట్టీతో నిమిషాల్లో ఫార్మాలిన్ కనిపెట్టే పద్ధతి తెచ్చింది. అటువంటి పట్టీలు ఆదోని, ఎమ్మిగనూరు చేపల బజార్లలో పురపాలక సంఘం వారి దగ్గర ఎందుకుండకూడదు? ఎండలో పెట్టినా ఈగ వాలని చేప, మంచు కరిగినా కట్టెలా బిగుసుకున్న చేప, నీచువాసన బొత్తిగా లేని చేప కనబడితే వెనక్కు తగ్గండి.

మన ఊళ్ళలో బట్టకొనే ఆడవాళ్ళను మోసం చెయ్యటం కష్టమంటారు. చీర అంచు చేత్తో నలిపి, నూలు ఏ నంబరో, రంగు నిలుస్తుందో లేదో అడగనిదే డబ్బు తియ్యం. సాయంత్రానికి వెలిసిపోయే రంగు గురించి అన్ని ప్రశ్నలడిగే మనం, బిడ్డ మెదడులోకి పోయే తిండి గురించి ఒక్క ప్రశ్న అడగలేమా? చేప ఏ నీళ్ళది, ఎప్పుడు పట్టింది, ఏ రకం అని అడగండి. అమ్మే మనిషి మీద కోపంతో కాదు, ఆమె కూడా ఆ చేపే ఇంటికి పట్టుకెళ్ళి పిల్లలకు పెడుతుంది. ఆమెకు తెలియకపోతే ఆమెతో కలిసి మత్స్యశాఖ వారిని అడుగుదాం. మన మహిళా మండళ్ళ తీర్మానాల పుస్తకంలో రాసి పంపుదాం.

ఆ జపాను తల్లికి తన అనుమానం బయటికి చెప్పటానికి డిగ్రీలు అక్కరలేకపోయాయి. వినే డాక్టరు ఒకడు దొరికాడు, శాస్త్రమే మారింది. మన మాట వినేవాళ్ళూ దొరుకుతారు, ముందు మనం అడగాలి. ఆదివారం చేపల పులుసు మానకండి, కోడలికి ముందు వడ్డించండి. ఏ చేప వడ్డిస్తున్నారో తెలిసి వడ్డించండి.

ఇక సెలవు.